మురికి పోయిందా, వాసన పోయిందా?



ఈమధ్య ఇంటి సరుకులకు దుకాణానికి వెళ్ళినప్పుడు ఒక సంగతి గమనించారా? నేల తుడిచే మందు సీసా మీద ఊదారంగు పువ్వు. బట్టల సబ్బుపొడి పొట్లం మీద అదే పువ్వు. గదిలో చల్లుకునే సెంటు డబ్బా మీద అదే, స్నానాలగదిలో వేలాడదీసే బిళ్ళ మీదా అదే. ఆ పువ్వు పేరు లావెండరు. అది మన పెరళ్ళలో పూసింది కాదు. మన అమ్మమ్మలు జడలో తురుముకున్నదీ కాదు, దేవుడి పటానికి పెట్టిందీ కాదు. అయినా ఇవాళ "అబ్బ, ఇల్లు ఎంత శుభ్రంగా ఉందో!" అనిపించాలంటే చాలా ఇళ్ళల్లో ఆ వాసనే రావాలి.

ఇదెలా జరిగిందండీ? ఎక్కడో యూరపు కొండల్లో పెరిగే పొదకూ, మన ఇంటి శుభ్రానికీ ముడి పెట్టిందెవరు? ఈ సంగతి తెలుసుకుందామని పుస్తకాలు తిరగేస్తే పువ్వుల కథతో పాటు ఇంకా చాలా దొరికాయి. బట్టలు ఉతికే ఆడవాళ్ళ కథ దొరికింది. కలరా కథ, మలేరియా కథ దొరికాయి. చివరికి మన సికింద్రాబాదు కూడా అందులో కనిపించింది! రేడియోలో పది నిమిషాల్లో గబగబా చెప్పిన ముచ్చట్లే ఇవి. ఇక్కడ కాస్త తీరిగ్గా మనవి చేస్తాను.

ముందు మొక్క సంగతి. లావెండరు మధ్యధరా సముద్రం పక్కనున్న కొండల్లో పెరిగే పొద. ఫ్రాన్సు దేశానికి దక్షిణాన ఉన్న ప్రొవాన్సు సీమ దీనికి పెట్టింది పేరు. మోకాలెత్తు పెరుగుతుంది. సన్నటి బూడిదరంగు ఆకులు, నిలువుగా లేచిన కాడల చివర ఊదారంగు పూల కంకులు. మన తులసికీ, పుదీనాకీ, మరువానికీ ఇది చుట్టమే. అన్నీ ఒకే కుటుంబం మొక్కలు. కాకపోతే దీనికి రాతినేల కావాలి, మంచి ఎండ కావాలి, చలికాలంలో గట్టి చలీ కావాలి. వేరు దగ్గర నీళ్ళు నిలిచాయా, కుళ్ళిపోతుంది. అందుకే మన గోదావరి గట్ల మీద ఇది బతకదు.

దీని వాసన పూరేకుల్లో కంటే పువ్వును పట్టుకుని ఉండే చిన్న గిన్నెలాంటి తొడిమలో ఎక్కువగా ఉంటుంది. అక్కడ కంటికి ఆనని నూనె తిత్తులు ఉంటాయి. మల్లెపువ్వు తెల్లారేసరికి వాడి వాసన మారిపోతుంది. లావెండరు కంకి అలా కాదు. ఎండి నెలల తరబడి పెట్టెలో పడివున్నా, వేళ్ళతో నలిపితే మళ్ళీ గుప్పున లేస్తుంది. బట్టల పెట్టెకు ఆ పువ్వునే ఎంచుకోవడంలోని కిటుకు ఇదే.

ఇక పేరు సంగతి. లాటిను భాషలో కడగడాన్ని "లవారె" అంటారు. మొక్క పేరు ఆ మాట నుంచే వచ్చిందని కొందరూ, నీలిరంగును చెప్పే మరో లాటిను మాట నుంచి వచ్చిందని మరికొందరూ అంటారు. ఆ తగువు పండితులకు వదిలేద్దాం. తగువు లేని సంగతి ఒకటుంది. పాత ఇంగ్లీషులో "లావెండరు" అంటే బట్టలు ఉతికే మనిషి! 14వ శతాబ్దపు కవి ఛాసరు ఒక కావ్యంలో ఈ మాటను చాకలి స్త్రీ అనే అర్థంలోనే వాడాడు. మనం రోజూ అనే "లాండ్రీ" ఆ మాట కుంచించుకుపోగా మిగిలిన రూపమే. అంటే ఇవాళ సీసా మీద పువ్వుగా కనిపించే పేరు, ఒకప్పుడు నీళ్ళలో చేతులు నానిపోయిన ఒక శ్రామిక స్త్రీ పేరు. మన దగ్గర చాకలి ఐలమ్మ పేరును 2024లో హైదరాబాదులో మహిళా విశ్వవిద్యాలయానికి పెట్టుకున్నాం. ఆ దేశంలో చాకలి స్త్రీ పేరు పువ్వు చాటున దాగిపోయింది.

ఆ రోజుల్లో యూరపులో బట్టలు ఉతకడమంటే ఎంత చాకిరీయో వినండి. కలిగినవాళ్ళ ఇళ్ళల్లో దుప్పట్లూ, మేజా గుడ్డలూ వారం వారం ఉతికేవారు కాదు. కొన్ని వారాలకోసారి, కొన్నిచోట్ల మూణ్ణెల్లకోసారి పెద్ద ఉతుకు పెట్టేవారు. పెద్ద చెక్క తొట్టిలో బట్టలు పేర్చి, పైన గుడ్డ పరిచి, దాని మీద కట్టెల బూడిద పోసేవారు. ఆ బూడిద మీద వేడినీళ్ళు పోస్తే, క్షారం దిగి బట్టల గుండా కిందికి కారేది. ఆ నీటినే పట్టి, మళ్ళీ కాచి, మళ్ళీ పోసేవారు. ఇలా గంటల తరబడి సాగేది. తరవాత ఏటికి మోసుకుపోయి, చెక్క బ్యాట్లతో బాది, జాడించి, పచ్చిక మీదా కంచెల మీదా ఆరేసేవారు.

ఇది వింటుంటే మన చాకిరేవు కళ్ళముందు మెదలడం లేదూ? చౌడు మట్టి కలిపి, బానలో ఉడకేసి, రేవులో బండ మీద బాది, గడ్డి మీద ఆరేసే పద్ధతి మనది. వాళ్ళది బూడిద, మనది చౌడు. రెండింట్లోనూ పనిచేసేది క్షారమే. జిడ్డును విడదీసేది క్షారం, తీసుకుపోయేది పారే నీరు, తెలుపు తెచ్చేది ఎండ. దేశాలు వేరైనా ఆడవాళ్ళు అనుభవం మీద కనిపెట్టిన శాస్త్రం ఒక్కటే.

మరి ఇందులో లావెండరు పని ఎక్కడ? అన్నిటికన్నా ఆఖర్న! ఉతికి, ఆరేసి, మడతపెట్టి, పెట్టెలో సర్దేటప్పుడు మడతల మధ్య ఎండిన కంకులు ఉంచేవారు. కొందరు లావెండరు పొదల మీదే బట్టలు ఆరేసేవారు. 1629లో ఇంగ్లండులో జాన్ పార్కిన్‌సన్ అనే వనమూలికల నిపుణుడు తోటల మీద పెద్ద గ్రంథం అచ్చువేశాడు. అందులో లావెండరు గురించి రాస్తూ, తమ దేశంలో దీన్ని లోపలికి మందుగా వాడేది తక్కువేననీ, ఎక్కువభాగం దుప్పట్లకూ దుస్తులకూ తోలు చేతొడుగులకూ వాసన పట్టించడానికే ఖర్చవుతుందనీ చెప్పాడు. 1653లో ఐజాక్ వాల్టన్ చేపలు పట్టే వినోదం మీద రాసిన పుస్తకంలో, మంచి పూటకూళ్ళ ఇల్లంటే దుప్పట్లు లావెండరు వాసన వేయాలన్నట్టు రాశాడు. అంటే ఆ వాసన తగిలిందంటే, ఇక్కడ ఉతుకు అయింది, ఎండ తగిలింది, ఇల్లాలు శ్రద్ధగా సర్దింది అని అర్థం. చేసిన పనికి ఆ వాసన ముద్ర లాంటిది. పనికి బదులు కాదు.

అయితే చరిత్రలో ఈ ముద్రే పనికి బదులుగా నిలబడిన కాలమూ ఉంది. అదీ చెప్పుకోవాలి.

వందల ఏళ్ళపాటు యూరపులో వైద్యులంతా నమ్మిన మాట ఒకటుంది. రోగం దుర్వాసన వల్ల వస్తుందని. కుళ్ళిన గాలి ముక్కులోకి పోతే జబ్బు లోపలికి పోయినట్టే అని వాళ్ళ సిద్ధాంతం. దుర్వాసన జబ్బయితే సువాసన మందు కావాలి కదా! 12వ శతాబ్దంలో జర్మనీలో హిల్డెగార్డ్ అనే సన్యాసిని వైద్యగ్రంథం రాసింది. తరచుగా లావెండరు వాసన చూస్తే ఒంటి మీద పేలు చచ్చిపోతాయనీ, ఆ వాసన కళ్ళను తేటపరుస్తుందనీ అందులో చెప్పింది. ప్లేగు వచ్చిన రోజుల్లో జనం పూల గుత్తులు ముక్కు దగ్గర పట్టుకుని తిరిగేవారు. 17వ శతాబ్దంలో కొందరు ప్లేగు వైద్యులు పక్షి ముక్కులాంటి తోలు ముసుగు తగిలించుకుని, ఆ ముక్కులో లావెండరు వంటి ఘాటు మూలికలు కూరుకునేవారు. 1665లో లండనులో మహా ప్లేగు వచ్చినప్పుడూ వాసనల వాడకం జోరుగానే సాగింది. వేలకు వేలమంది పోయారు. ఎందుకంటే ప్లేగును మోసుకొచ్చేది గాలి కాదు, ఎలుకల మీది గోమార్లు. ఆ సంగతి 1898లో గానీ బయటపడలేదు. పాల్ లూయీ సిమాన్ అనే ఫ్రెంచి వైద్యుడు కరాచీలో పరిశోధన చేసి ఆ గుట్టు విప్పాడు.

వాళ్ళను చూసి నవ్వకండి. ఆ నమ్మకంలో కొంత న్యాయం ఉంది. కుళ్ళు ఉన్నచోటే కంపు ఉంటుంది, కంపు ఉన్నచోటే తరచూ జబ్బూ ఉంటుంది. పొగనూ నిప్పునూ కలిపి చూసినట్టు చూశారు. పొరపాటల్లా పొగను ఊదేస్తే నిప్పు ఆరిపోతుందనుకోవడం.

ఇంతలో లావెండరు పెద్ద వ్యాపారమైంది. లండనుకు దక్షిణాన మిచమ్ అనే ఊరి చుట్టూ పొలాలన్నీ ఊదారంగుకు తిరిగాయి. అక్కడ 1749లో మొదలైన పాటర్ అండ్ మూర్ వారి బట్టీలు పేరుపడ్డాయి. పూత సమయంలో ఆడకూలీలు కొడవళ్ళతో కంకులు కోసి కట్టలు కట్టేవారు. కొన్ని కట్టలు నూనె తీయడానికి బట్టీలకు పోయేవి. కొన్ని లండను వీధుల్లోకి వచ్చేవి. మన వీధుల్లో "మల్లెపూలోయ్" అని వినిపించినట్టు అక్కడ లావెండరు అమ్మేవాళ్ళ కేకలు వినిపించేవి. 1851లో హెన్రీ మేహ్యూ అనే పత్రికా రచయిత లండను వీధుల్లో పొట్టపోసుకునే బీదల బతుకుల మీద గొప్ప గ్రంథం తెచ్చాడు. వీధుల్లో ఏటా అమ్ముడయ్యే పూలకు ఆయన వేసిన లెక్కలో లావెండరు ఒక్కటే మూడు లక్షల కట్టలకు దగ్గరగా ఉంది. అదే గ్రంథంలో పూలమ్ముకుని బతికే ఇద్దరు అనాథ అక్కచెల్లెళ్ళు కనిపిస్తారు. పెద్దదానికి 15 ఏళ్ళు, చిన్నదానికి 11. కలవారి గదులు ఘుమఘుమలాడటానికి పూలు మోసిన పిల్లలు ఏ గదుల్లో పడుకున్నారో ఊహించుకోండి. తరవాత తరవాత ఊరు పెరిగి, పొలాలు ఇళ్ళస్థలాలై, మొక్కలకు తెగులు సోకి మిచమ్ పంట అంతరించింది. వాసన మాత్రం సీసాల్లో మిగిలింది. యార్డ్లీ వారి ఇంగ్లీషు లావెండరు 1873 నాటిదని చెబుతారు. ఆ పేరుతో పౌడరు డబ్బా మన తెలుగు ఇళ్ళల్లోనూ అద్దం ముందు కూర్చున్నదే కదా!

ఇప్పుడు అసలు మలుపు దగ్గరికి వద్దాం. వాసన వేరు, శుభ్రం వేరు అని లోకానికి తెలిసొచ్చింది ఆ 19వ శతాబ్దంలోనే.

1847లో వియన్నా నగరంలో సెమ్మెల్వైస్ అనే డాక్టరు పురిటి ఆసుపత్రిలో పనిచేసేవాడు. శవపరీక్ష చేసిన చేతులతోనే డాక్టర్లు పురుళ్ళు పోస్తూండగా బాలింతలు జ్వరంతో చచ్చిపోతున్నారు. చేతులకు శవాల వాసన అంటుకుని పోవడం లేదని గమనించి, ఆ వాసనను వదిలించే క్లోరిను సున్నపు నీళ్ళతో చేతులు కడుక్కుని తీరాలని నియమం పెట్టాడు. మరణాలు బాగా తగ్గిపోయాయి. చూడండి, ఆయనా వాసన వెంటే వెళ్ళాడు. కానీ మీద అత్తరు పూసి ఊరుకోలేదు, చేతులు కడిగించాడు. అంతటి మనిషిని ఆనాటి పెద్ద డాక్టర్లు చాలామంది నమ్మలేదు, అది వేరే విషాదం.

1854లో లండనులో కలరా వచ్చింది. జాన్ స్నో అనే డాక్టరు ఇల్లిల్లూ తిరిగి, చనిపోయినవాళ్ళు ఎక్కడి నీళ్ళు తాగారో లెక్క తీశాడు. బ్రాడ్ స్ట్రీటు చేతిపంపు దగ్గర లెక్క తేలింది. ఆ పంపు పిడి ఊడదీయించాడు. కలరా గాలిలో రాదు, నీళ్ళలో వస్తుంది అని ఆయన వాదం. అయినా పెద్దలు గాలినే పట్టుకు వేలాడారు. 1858 వేసవిలో థేమ్సు నది కంపు భరించలేక, పార్లమెంటు భవనం తెరలను క్లోరిను సున్నపు నీళ్ళలో ముంచి వేలాడదీశారట! చివరికి ఆ కంపే వాళ్ళను కదిలించింది. మరుసటి సంవత్సరం నుంచీ బ్యాజల్గెట్ అనే ఇంజనీరు చేత నగరమంతా భూగర్భ మురుగు కాలువలు తవ్వించారు. సిద్ధాంతం తప్పు, చేసిన పని ఒప్పు. కంపును కప్పిపెట్టకుండా మురికిని దూరంగా పంపించారు కాబట్టి తాగే నీరు బాగుపడింది, కలరా తగ్గింది.

ఈ మొత్తం కథలో నాకు బాగా నచ్చిన మనిషి ఫ్లోరెన్సు నైటింగేల్. ఆవిడను దీపం పట్టుకున్న దేవతగానే మనం పాఠాల్లో చదువుకున్నాం. నిజానికి ఆవిడ చీపురు పట్టించిన మనిషి. 1854 నవంబరులో 38 మంది నర్సులతో టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరినప్పుడు అక్కడ గాయాల కంటే మురికే ఎక్కువమందిని చంపుతోంది. ఆవిడ చేసిన మొదటి పనుల్లో ఒకటి ఏమిటో తెలుసా? వేరే ఇల్లు తీసుకుని, వేడినీళ్ళ బాయిలర్లు పెట్టించి, సైనికుల భార్యలను కుదిర్చి బట్టలు ఉతికించడం! 1855లో మురుగు కాలువలు బాగుచేసిన తరవాత మరణాలు గణనీయంగా తగ్గాయి. ఆవిడ కూడా చెడుగాలి సిద్ధాంతాన్ని నమ్మినావిడే. అయినా తరవాత నర్సింగు మీద రాసిన చిన్న పుస్తకంలో ఒక మాట తేల్చిచెప్పింది. ధూపాలనూ వాసనద్రవ్యాలనూ నమ్ముకోవద్దు, కంపు కొట్టే వస్తువునే అక్కడినుంచి తీసేయాలి అని ఆవిడ ఉపదేశం. పైగా ఒక చమత్కారం కూడా. ధూపం వల్ల ఒక్క లాభం ఉందట, ఆ ఘాటు భరించలేక మనిషి కిటికీ తెరుస్తాడట!

ఆ తరవాత రుజువులు మన దేశంలోనే దొరికాయి. 1884లో జర్మను శాస్త్రజ్ఞుడు రాబర్టు కోహ్ కలకత్తా వచ్చి కలరా క్రిమిని నిర్ధారించాడు. ఇక "మలేరియా" అన్న మాటకు ఇటాలియను భాషలో అర్థమే చెడుగాలి. ఆ పేరులోని అబద్ధం బయటపడింది మన సికింద్రాబాదులో. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని సూక్ష్మదర్శినిలో చూశాడు. జబ్బు తెచ్చేది గాలి కాదు, నీటిగుంటలో పుట్టిన దోమ. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం పక్కనుంచి వెళ్ళినప్పుడు ఒక్కసారి తలుచుకోండి. వందల ఏళ్ళ పూలగుత్తుల వైద్యం మీద ఆఖరి దెబ్బల్లో ఒకటి పడింది అక్కడే.

మరి ఇంతకీ లావెండరు ఎందుకూ కొరగానిదా? అలా అనడం అన్యాయం. 1910లో ఫ్రాన్సులోని లియాన్‌లో గాట్‌ఫొస్సే అనే రసాయనవేత్త ప్రయోగశాల పేలుడులో కాలిపోయాడు. ఆ గాయాలు కుళ్ళు పడితే లావెండరు నూనె వాడాడు. ఆయన చెయ్యి కాలగానే నూనె తొట్టిలో ముంచాడని కథగా చెప్పుకుంటారు గానీ, 1937లో తన పుస్తకంలో ఆయన రాసుకున్నది అలా లేదు. నూనె వాడింది కుళ్ళు పట్టిన తరవాతనే. ప్రయోగశాలల్లో చిక్కటి నూనె కొన్ని సూక్ష్మజీవులను అదుపుచేసిన మాట నిజమే. అంతమాత్రాన బకెట్ నీళ్ళలో నాలుగు చుక్కలు వేసి తుడిస్తే క్రిములు చస్తాయనుకోకూడదు. అది పని అయ్యాక దక్కే హాయి, అంతే.

ఇంకో సంగతి. నిజమైన లావెండరు నూనె ఒక కిలో రావాలంటే నూరు కిలోలకు పైగా పువ్వు కావాలి. అందుకని సబ్బులవాళ్ళు ఎక్కువగా వాడేది లావాండిన్ అనే సంకరజాతి నూనె. అది ఎక్కువ దిగుబడి ఇస్తుంది, వాసనలో కర్పూరపు ఘాటు కూడా ఎక్కువ. చవక సరుకుల్లో ఆ నూనె కూడా ఉండనక్కరలేదు. లావెండరు వాసనకు మూలమైన లినలూల్ వంటి పదార్థాలను కర్మాగారంలోనే తయారుచేస్తారు. సీసా మీద పువ్వు బొమ్మ ఉన్నంత మాత్రాన లోపల పువ్వు ఉందని కాదు. వెనకవైపు చిన్న అక్షరాలు చదవండి.

నిజమైన పువ్వు ఇప్పుడు మన దేశంలోనూ పండుతోంది. జమ్మూ ప్రాంతంలో దోడా జిల్లా భదర్వా కొండల్లో, మొక్కజొన్న వేసుకునే రైతులు చాలామంది లావెండరుకు మారారు. జమ్మూలోని కేంద్ర పరిశోధన సంస్థ వాళ్ళకు నారు ఇచ్చి, నూనె తీసే యంత్రాలు పెట్టి సాయపడింది. 2022లో అక్కడ లావెండరు ఉత్సవం కూడా చేశారు. ఎండబెట్టిన పువ్వు కొనాలనుకుంటే అక్కడి సరుకు అడగండి.

ఇంట్లో వాడుకునే విధానం నాలుగు మాటల్లో చెబుతాను. పల్చటి మల్లుగుడ్డతో చిన్న సంచీలు కుట్టి, గుప్పెడు ఎండుపువ్వు పోసి, ఉతికి బాగా ఆరిన బట్టల మధ్య పెట్టండి. నెలకోసారి సంచీని వేళ్ళతో నలపండి. ఏడాదికోసారి పువ్వు మార్చండి. ఉన్ని బట్టలు కొరికే చిమ్మెటలకు ఈ వాసన అంతగా పడదు గానీ, అప్పటికే పెట్టిన గుడ్లు దీనివల్ల చావవు. కాబట్టి ముందు ఎండలో వేసి దులపాల్సిందే. చెత్తడబ్బా కడిగి ఆరబెట్టాక, అడుగున రెండు చుక్కల నూనె వేసిన దూది ఉంచవచ్చు. అద్దాలు తుడిచే వెనిగర్ నీళ్ళలో రెండు చుక్కలు వేస్తే పులుపు వాసన తగ్గుతుంది. నూనె నీళ్ళలో కలవదు కనుక వాడేముందు ప్రతిసారీ సీసా కుదపాలి. ఆ వెనిగర్ నీళ్ళను మాత్రం బ్లీచింగ్ పౌడరుతో ఎన్నడూ కలపకండి. విషవాయువు వస్తుంది. నూనె చుక్క నేరుగా పట్టుచీర మీద పడితే మరక తేలుతుంది. చర్మానికి నేరుగా రాస్తే కొందరికి దద్దుర్లు వస్తాయి. పిల్లలకూ పిల్లులకూ అందకుండా సీసా పైన పెట్టండి.

ఇక ముఖ్యమైన మాట. మన బట్టల పెట్టెల్లో వేసే తెల్లటి నాఫ్తలీను గోళీలను మనం ఏమంటాం? కలరా ఉండలు! ఆ పేరు వినండి. ఘాటు వాసన వేస్తే కలరా రాదనుకున్న కాలం ఆ పేరులో అలాగే నిలిచిపోయింది. ఆ గోళీకీ కలరాకూ ఏ సంబంధమూ లేదు. పైగా అవి పెట్టిన బట్టలను పురిటి బిడ్డలకు వాడటం ప్రమాదం. కొందరు పిల్లలకు పుట్టుకతోనే రక్తంలో జి6పిడి అనే పదార్థం తక్కువగా ఉంటుంది. అలాంటి బిడ్డకు నాఫ్తలీను ఆవిరి తగిలితే ఎర్ర రక్తకణాలు విరిగిపోయి, తీవ్రమైన కామెర్లు రావచ్చు. బిడ్డకు ఆ లోపం ఉందో లేదో పైకి చూస్తే తెలియదు. మన ఇళ్ళల్లో పెద్దబిడ్డ చొక్కాలు, పాత మెత్తటి దుప్పట్లు పెట్టెలోంచి తీసి చిన్నబిడ్డకు వేయడం అలవాటు. అందుకని పురిటి బట్టల పెట్టెలో కలరా ఉండలు వేయనే వేయకండి. వేసి ఉన్న బట్టలను బాగా ఉతికి, వాసన పూర్తిగా పోయేదాకా ఎండలో వేశాకనే బిడ్డకు తొడగండి. బాలింతల తల్లులూ అత్తలూ ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే ఈ వ్యాసం రాసినందుకు నాకు అంతకంటే ఏం కావాలి?

లావెండరు దొరకలేదని చిన్నబుచ్చుకోనక్కరలేదు. మనకు వట్టివేళ్ళున్నాయి, మరువం ఉంది, ఎండబెట్టిన వేపాకు ఉంది. మన పెద్దలు పెట్టెలో వట్టివేళ్ళు వేసింది కూడా పట్టుచీరలను కుంకుడు రసంలో జాడించి, నీడపట్టున ఆరేసి, మడతలు మార్చి పెట్టాకనే. వాళ్ళ పద్ధతిలోనూ వాసన ఆఖరి మెట్టే.

కాబట్టి ఈసారి పండక్కి ఇల్లు సర్దుకునేటప్పుడు ఆ ఊదారంగు సీసా మూత తీసేముందు ఒక్క క్షణం ఆగి, తూము దగ్గరికి వెళ్ళి చూడండి, నీటితొట్టి అడుగు చూడండి, పరుపు కింద చూడండి. కంపు ఉంటే దాని కారణం వెతికి తీసేయండి. కిటికీలు తెరవండి. తరవాత మీకిష్టమైన వాసన ఏదైనా చల్లుకోండి. ఇంట్లో పనిచేసిపెట్టే అమ్మాయి ఉంటే, ఆమె చేతులకు ఆ మందులు అంటకుండా ఒక జత తొడుగులు కొనివ్వండి. మన ఇంటి పరిశుభ్రతలో సగం ఆ చేతుల పుణ్యమే కదా.